సుద్దగీత దాటిన కౌంటరు

ఆ గురువారం ఉదయం ఆ ఇంట్లో గొడవ టీ వడపోత దగ్గర మొదలైంది.

ఆరా గుమ్మం బయట చెప్పులు విడుస్తుండగానే అత్తయ్య గొంతు మెట్లదాకా వినబడుతోంది. నీళ్లొచ్చిన మర్నాడల్లా ఈ ఇంట్లో తనకు ఒక్క వస్తువూ దొరకదట. గరిటె చూస్తే మంచం మీద, పీట చూస్తే వరండాలో, ఇవాళ వడపోత ఏ లోకంలో ఉందో ఆ దేవుడికే తెలియాలట. కోడలు మధ్యగదిలోకి వెళ్లి, ట్రంకుపెట్టె మీదున్న వడపోత తెచ్చి పొయ్యిగట్టు మీద పెట్టింది. పెట్టడంలో కాస్త చప్పుడైంది.

"దొరికిందిగా అత్తయ్యా."

"దొరకడం గొప్ప కాదే తల్లీ. పోకుండా ఉండటం గొప్ప."

అత్తాకోడళ్లున్న ఏ ఇంట్లోనైనా ఈపాటి చప్పుడు ఉండేదే కనుక ఆరా పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడం ఎంత పొరపాటో ఆమెకు పదకొండున్నరకు గాని తెలియలేదు.

ఆరా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బీమా కంపెనీలో పన్నెండేళ్లు దొంగ క్లెయిముల వెనక ఆరా తీసీ తీసీ ఆ పేరే మిగిలింది. మూడేళ్లుగా అదే పని సొంతంగా చేస్తోంది. ఈ కేసుకు మాత్రం ఫీజు లేదు. నిందితుడు సాక్షాత్తూ మేనమామ.

మావయ్య ముందుగదిలో మంచం మీద, కట్టు కట్టిన కాలు రెండు దిళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్ఫైనాలుగేళ్లు పనిచేసిన మనిషి. రిటైరయ్యాక అందరూ మొక్కలు పెంచుకుంటే ఆయన గైగర్ కౌంటర్ బిగించుకున్నాడు. పాత బిస్కెట్ డబ్బాలో ఒక గొట్టం, నాలుగు తీగలు, ముందువైపు చిన్న అంకెల పలక. గాలిలో, నేలలో, గోడల్లో సహజంగా ఉండే రేడియేషన్ తగిలినప్పుడల్లా అది టిక్కుమంటుంది. నిమిషానికి ఎన్ని టిక్కులో పలక మీద పడుతుంది. ఊళ్లో ఇలాంటి పిచ్చివాళ్లు ఇంకో ఆరుగురున్నారు. ఉదయం ఆరున్నరకూ సాయంత్రం ఆరున్నరకూ ఎవరి ఇంటి అంకె వాళ్లు నోటుబుక్కులో రాసుకుని, రాత్రి ఫోనులో ఒకరికొకరు పంపుకుంటారు. వీధిలో పిల్లలు ఆయన్ని టిక్కుల మాస్టారంటారు. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

ఇప్పుడదే పేరు మీద నింద పడింది. నలభై రోజులుగా కొన్ని సాయంత్రాలు ఆ అంకె ఇరవై మూడు, ఇరవై నాలుగు కాకుండా నూట నలభై, నూట యాభై చూపిస్తోంది. నాలుగు వారాలు చూసి మావయ్య, వీధి చివర సబ్బుపొడి ఫ్యాక్టరీ లారీల్లో ఏదో ప్రమాదకరమైన సరుకు పోతోందని మునిసిపల్ ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఫ్యాక్టరీవాళ్లు ఎదురు ఫిర్యాదు పెట్టారు. రేపు ఉదయం పదింటికి ఆయన ఫ్యాక్టరీ ఆఫీసుకు వచ్చి, అంకెలు తానే కల్పించానని సంతకం పెట్టాలి. కౌంటరూ నోటుబుక్కులూ అప్పగించాలి. లేదంటే పుకార్లు పుట్టించినందుకు పోలీసు కేసు.

"ఆ ఆరుగురూ నిన్న రాత్రి నన్ను గుంపులోంచి తీసేశారమ్మాయ్" అన్నాడు మావయ్య. నోటుబుక్కు అట్ట మీద అరచెయ్యి పెట్టాడు. "పదకొండేళ్లు ఒక్క పూట తప్పకుండా రాశాను. జ్వరంలో రాశాను. మీ అమ్మ పోయిన రోజు కూడా రాశాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఏమైంది మాస్టారూ అని అడగలేదు."

ఆరాకు ఒళ్లు మండింది. కోపం వచ్చినప్పుడు ఆమె మాట్లాడదు, తేదీలు చూస్తుంది. నోటుబుక్కు ముందేసుకుంది. పెద్ద అంకెలు మొత్తం పన్నెండు. అన్నీ సాయంత్రాలే. అన్నీ బుధవారాలూ శనివారాలే. ఉదయం అంకె ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. కౌంటరు ఎక్కడుంటుందని అడిగింది. వంటింటి కిటికీ గట్టు మీద, సుద్దగీత గీసిన చదరంలో, అన్నాడాయన. పదకొండేళ్లుగా అదే చదరం. చోటు మారితే అంకె మారుతుంది, అంకె మారితే రాసిందంతా చిత్తుకాగితం. అందుకని ఆ గీత దగ్గరికి చీపురును కూడా రానివ్వడు. కాలు విరిగినప్పటినుంచి ఆయన లేవలేడు కనుక, ఆరున్నర కొట్టగానే కోడలు అంకె చూసి లోపలినుంచి చెబుతుంది, ఆయన రాసుకుంటాడు.

ఆరా వంటింట్లోకి వెళ్లి చూసింది. చదరం గీతలు స్పష్టంగా ఉన్నాయి. డబ్బా సరిగ్గా అందులోనే ఉంది. పలక మీద ఇరవై నాలుగు. కిటికీ బయట గోడ, గోడ అవతల ఖాళీ జాగా. అక్కడ అనుమానించదగ్గది ఎండిపోయిన పంపు తప్ప ఇంకేమీ లేదు.

పదకొండింటికి టై బాబు వచ్చాడు.

ఒకప్పుడు బీమా ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క బల్లలు. ఎండాకాలంలో కూడా టై విప్పడని ఆ పేరు పెట్టింది ఆరాయే. ఇప్పుడు కంపెనీల తరఫున దర్యాప్తులు చేస్తాడు. ఫ్యాక్టరీ అతన్నే పెట్టుకుంది. క్షమాపణ కాగితం రెండు ప్రతులు తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం పక్కనే నిలబడి, కాలు బాగా నొప్పిగా ఉందా అని మావయ్యను పరామర్శించాడు. పరామర్శ అయిపోగానే కత్తి తీశాడు.

అతని వాదనకు మూడు కాళ్లు. ఒకటి, బుధ శనివారాల్లో ఫ్యాక్టరీనుంచి లారీలే కదలవు, గేటు పుస్తకం ఉంది. రెండు, మునిసిపల్ వాళ్లతో పాటు తనూ వచ్చిన రోజు మాస్టారి పెట్టెలో పెట్రోమాక్స్ దీపం వత్తుల పొట్లం దొరికింది. పాత వత్తుల్లో రేడియేషన్ ఉంటుందని ఫిజిక్స్ ల్యాబులో పనిచేసినవాడికి తెలియకుండా ఉండదు. వత్తిని కౌంటరుకు ఆనించి అంకె పెంచడం ఎంతసేపు పని. మూడోది చెప్పేముందు అతను నవ్వాడు.

"ఆరా గారూ, మీరే చెప్పండి. నిజంగా ఆ చుట్టుపక్కల ఏదైనా వస్తువుంటే రోజూ ఉండాలి కదా. బుధవారం ఉండి గురువారం లేకుండా పోయి, మళ్లీ శనివారం చుట్టపుచూపుగా వస్తుందా?"

నలభై రోజులుగా మావయ్యను తినేస్తున్నదీ ఆ ప్రశ్నే.

ఆరా రెండో కాలు ముందు విరిచింది. నోటుబుక్కు చివరి పేజీలు తిప్పి చూపించింది. ప్రతినెలా ఒకటో తారీఖున "పరీక్ష" అని విడిగా రాసి ఉంది. కౌంటరు పనిచేస్తోందో లేదో చూడటానికి ఆ వత్తుల్లో ఒకదాన్ని ఆనించి రాసిన అంకెలు. డెబ్భై రెండు, డెబ్భై, డెబ్భై నాలుగు. ఆనించినా డెబ్భై దాటని వత్తితో నూట యాభై ఎలా తెప్పించాడో చేసి చూపించమంది. పదకొండేళ్లుగా బాహాటంగా రాసిపెట్టుకున్నదాన్ని దొంగసొత్తులా పెట్టెలోంచి పట్టుకోవడం ఏం దర్యాప్తో కూడా అడిగింది.

టై బాబు ఆ పేజీ చూడటానికి ముందుకు వంగాడు. టై పక్కకు జరిగింది. చొక్కా జేబుకు పిన్నుతో గుచ్చిన చిన్న నీలంరంగు బిళ్ల కనబడింది. అతను వెంటనే టై సర్దుకున్నాడు. అంత వెంటనే సర్దుకోకపోతే ఆరా దాన్ని రెండోసారి తలుచుకునేది కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. పాత క్లెయిముల్లో ఆమె అలాంటి బిళ్లలు చూసింది. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లు, ఒంటికి ఎంత తగిలిందో తెలియడానికి పెట్టుకుంటారు.

"అదేమిటి?"

"ఫ్యాక్టరీలో నియమం. లోపలికెళ్లే ప్రతివాడికీ ఇస్తారు. తీయడం మర్చిపోయాను."

"సబ్బుపొడి ఫ్యాక్టరీలోనా?"

"రేపు పదింటికి" అన్నాడు టై బాబు మావయ్య వైపు తిరిగి, కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వచ్చినదానికంటే వేగంగా ఉంది.

అత్తయ్య గిన్నె ముందుగదిలోకి తెచ్చి టీ వడపోస్తూ సణుగుతోంది. ఇంటికొచ్చినవాడు కూర్చోకుండా నిలబడి అవమానించి పోతాడా, వీడి మొహానికి టై ఒకటి అంటోంది. వడపోత గ్లాసు అంచుకు తగిలి టింగుమంది. ఆరా ఆ వడపోత వంక చూస్తూ ఉండిపోయింది.

బుధవారం ఉండి, గురువారం లేకుండా. నీళ్లొచ్చిన మర్నాడల్లా ఒక్క వస్తువూ దొరకదట.

"అత్తా, నీళ్లు ఏయే రోజుల్లో వస్తాయి?"

"బుధవారం, శనివారం. సాయంత్రం ఆరింటికి. ఎందుకే?"

ఆరా లేచి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. కోడలు పప్పు ఏరుతోంది. వరసకు చెల్లెలు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, మావయ్య కాలు విరిగినప్పటినుంచి సెలవు. భర్త పనిమీద పొరుగూళ్లో ఉంటే ఇంటి బరువంతా ఒక్కతే మోస్తోంది. ఆరా ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని తనూ నాలుగు రాళ్లు ఏరింది. బీమా కంపెనీలో నేర్చుకున్న మొదటి పాఠం అది. ఎదురుగా కూర్చుంటే మనిషి జవాబు చెబుతుంది, పక్కన కూర్చుంటే నిజం చెబుతుంది.

"నీళ్లొచ్చిన రోజున వంటిల్లు కడుగుతావు కదూ?"

"వారంలో రెండుసార్లే వస్తాయక్కా. అప్పుడు కడక్కపోతే ఇంకెప్పుడు?"

"కడిగేటప్పుడు ఈ డబ్బా ఎక్కడ పెడతావు?"

చేట మీద వేళ్లు ఆగిపోయాయి. తర్వాత, మావయ్యగారికి వినబడుతుందేమోనని గొంతు తగ్గించి చెప్పింది. కిటికీ కింద గోడకూ గట్టుకూ బక్కెట్లతో నీళ్లు కొడుతుంది. తడిస్తే పాడవుతుందని గట్టు మీది వస్తువులన్నీ మధ్యగదిలోకి చేరుస్తుంది. డబ్బాను ట్రంకుపెట్టె మీద పెడుతుంది. సరిగ్గా నేల మీద నీళ్లు నిలిచి ఉన్నప్పుడు ఆరున్నర కొడుతుంది. ముందుగదిలోంచి మావయ్యగారు అంకె అడుగుతారు. డబ్బా ఎక్కడుంటే అక్కడే చూసి చెప్పేస్తుంది. గట్టు ఆరాక మళ్లీ గీతలో పెట్టేస్తుంది.

"మరి చెప్పలేదేం?"

"చీపురు తగిలితేనే ఒంటికాలి మీద లేస్తారు. కదిపానని తెలిస్తే?" కళ్లు తుడుచుకుంది. "చోటు మారితే మహా అయితే ఒకటో రెండో తేడా వస్తుందనుకున్నాను. నూట నలభై అని చెప్పినప్పుడు ఆయన, నిజమే, సాయంత్రాలు లారీలు తిరుగుతాయి అన్నారు. ఆయనే అన్నాక ఇంక నేనేమంటాను? ఆయన్ని అబద్ధాలకోరంటుంటే రోజూ చచ్చిపోతున్నానక్కా. కానీ చెబితే, ఉన్న పరువు కూడా పోతుందనుకున్నాను."

ఆరాకు ఆమె మీద కోపం రాలేదు. వస్తువు ఎందుకు ఉండి ఉండి మాయమవుతోందని చదువుకున్న మగవాళ్లందరూ తలలు బద్దలు కొట్టుకున్నారు. ఇల్లు కడిగే మనిషిని అడగాలని ఒక్కరికీ తోచలేదు. ముందు తనకే తోచలేదు.

వస్తువు కదల్లేదు. కొలిచేది కదిలింది.

ఆమె డబ్బాను రెండు చేతులతో ఎత్తింది. గీత మీద ఇరవై నాలుగు. మధ్యగది గుమ్మంలో నిమిషం నిలబడింది, అరవై ఒకటి. ట్రంకుపెట్టె మీద నూట నలభై ఏడు. గది పొడవునా అడుగడుక్కీ ఆగి, గడియారం చూసి, నిమిషం నిమిషం లెక్కపెట్టింది. కోడలు పాలచీటీ వెనక రాసింది. బీరువా దగ్గర తొంభై, అటకెక్కే నిచ్చెన దగ్గర నూట పది. మంచం ఎడమ కోడు పక్కన నేలకు ఆనించినప్పుడు విడివిడి టిక్కులు పోయి, మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టయింది. రెండు వందల ముప్ఫై ఆరు. గోడవైపు జరిపితే తగ్గుతోంది, పైకెత్తితే తగ్గుతోంది. ఉన్నదేదో నేల కింద ఉంది.

మంచం మీద కోడలి దుప్పటి మడతపెట్టి ఉంది.

"కింద ఎవరుంటారు?"

"దర్జీ ఆవిడ. సరిగ్గా ఈ గది కిందే ఆవిడ కత్తిరింపుల బల్ల."

పన్నెండుంపావుకు ఆరా కిందికి దిగింది. డబ్బా చేతిలోనే ఉంది. దుకాణం గుమ్మంలోనే పలక మీద అంకెలు నాలుగు వందలు దాటాయి. ఆమె అక్కడే ఆగి, లోపలున్న దర్జీని ఒక్క మాట, బయటికి రండి అని పిలిచింది. కత్తెర పట్టుకునే వచ్చింది దర్జీ. ఏభై దాటిన మనిషి, మెళ్లో టేపు, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ గుడ్డపీలికల కట్లు. ఏమైందని అడిగితే, ఇస్త్రీపెట్టె తగిలి కాలిందంది. ఎన్నాళ్లైందంటే, నెల కావస్తోంది, మందు రాస్తున్నా మానడం లేదు, చర్మం లేచిపోతోంది అంది. ఇస్త్రీపెట్టె రెండు వేళ్ల లోపలివైపున మాత్రమే ఎలా కాల్చిందని ఆరా అడిగితే, ఆవిడకే అదెప్పుడూ తట్టనట్టు చెయ్యి తిప్పి చూసుకుంది.

"ఆ రెండు వేళ్లతో రోజూ ఏం పట్టుకుంటారు?"

సూది, సుద్ద, కత్తెర అని లెక్కపెట్టింది. తర్వాత ఆగింది. కుట్టు విప్పదీసి మడత నొక్కడానికి ఒక కడ్డీ ఉందట. వేలెడంత స్టీలు కడ్డీ, నున్నగా, బరువుగా ఉంటుంది. గోటితో నొక్కే పని దానితో నొక్కితే గీత కత్తిలా వస్తుంది. నలభై రోజుల కిందట మూలమీది పాతసామాన్ల కొట్లో, బుట్టలో దొరికింది. సొరుగులో ఉంది.

"దొంగసొత్తని నాకు తెలియదమ్మా. టై కట్టుకున్న ఆయన వచ్చి అడిగినప్పుడు భయమేసి లేదన్నాను."

ఆరా వెంటనే అడిగింది. "ఎప్పుడు వచ్చాడు?"

"బడి యూనిఫారాలు ఇచ్చిన రోజు. పోయిన వారం సోమవారం. కొట్టు కొట్టుకూ తిరిగి అడిగాడు. పాతసామాన్ల కొట్లో ఇలాంటి కడ్డీ ఎవరైనా కొన్నారా, తిరిగిస్తే వెయ్యి రూపాయలిస్తానన్నాడు. అంత ఇస్తానన్నాడంటే ఏదో గొడవే అనుకున్నాను."

సోమవారం కడ్డీ కోసం వెతికారు. ఆ బుధవారమే మావయ్య మీద ఫిర్యాదు పెట్టారు. మధ్యలో ఒక్క రోజు. పోయిందని తెలిసీ, ఆ పోయినదాని చప్పుడు విన్న ముసలివాణ్ణి అబద్ధాలకోరని ఊరంతా చాటారు.

సొరుగు తెరవవద్దని, లోపలికి పోవద్దని దర్జీని ఆపి ఆరా ముందు అగ్నిమాపక కేంద్రానికి, తర్వాత రేడియేషన్ భద్రతా కార్యాలయానికి ఫోను చేసింది. అంకెలు చదివింది, వేళ్ల సంగతి చెప్పింది. అవతలి గొంతు రెండో మాటకే మారిపోయింది. అందరూ బయటికి, కనీసం యాభై అడుగులు, ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. మావయ్యను కుర్చీతో సహా నలుగురు కిందికి మోసుకొచ్చి ఎదురింటి నీడలో దించారు. ఒళ్లో నోటుబుక్కు వదల్లేదాయన. అత్తయ్య పొయ్యి ఆర్పానో లేదోనని రెండుసార్లు వెనక్కి వెళ్లబోతే రెండుసార్లూ కోడలే చెయ్యి పట్టుకుని ఆపింది.

జనం మూగితే టై బాబు కూడా వచ్చాడు. వీధి మలుపులోనే ఆగిపోయాడు. ఆరాయే అతని దగ్గరికి నడిచింది.

"సోమవారం మీరు వెతికిన కడ్డీ దొరికింది."

అతను ఏ కడ్డీ అని అడగలేదు. అడగాలని గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. మెల్లగా చెప్పుకొచ్చాడు. ఫ్యాక్టరీలో పొడి నిండే పెద్ద తొట్లు ఎంతవరకు నిండాయో రేడియేషన్‌తో బయటినుంచే చూసే పరికరం ఉండేదట. పాతదైపోయి విప్పేశారు. సీసం కవచంతో సహా విడిగా దాచాల్సినదాన్ని ఎవరో పాత ఇనుముతో కలిపి అమ్మేశారు. కొట్టువాడు సీసం కరిగించుకుని, లోపలి కడ్డీని బుట్టలో పడేశాడు. గొడవ కాకుండా వెనక్కి తెమ్మని తనకు పని అప్పజెప్పారు.

"మాస్టారు నిజంగానే అంకెలు కల్పిస్తున్నాడనుకున్నాను ఆరా గారూ. ఒట్టు. వారానికి రెండు రోజులే వచ్చే అంకెలు ఎవరు నమ్ముతారు? పైగా ఆయన ఉత్తరం చూసి తనిఖీవాళ్లు వస్తే ఫ్యాక్టరీ మూతపడుతుందన్నారు."

"మీరు మాత్రం బిళ్ల పెట్టుకుని తిరిగారు. దర్జీకి ఎవరిచ్చారు బిళ్ల? పైన మధ్యగదిలో పడుకునే కోడలు పిల్లకు ఎవరిచ్చారు?" ఆరా గొంతు పెంచలేదు. కానీ వీధి మొత్తం వింటోంది. "మీరు వెతుకుతున్న వస్తువు నలభై రోజులుగా అరుస్తోంది. ఆ అరుపు విన్నవాడు ఈ ఊళ్లో ఒక్కడే. మీరు వస్తువును పట్టుకోలేక అతని నోరు మూయడానికి కాగితం తెచ్చారు. రెండు ప్రతులు."

టై బాబు టై ముడి వదులు చేసుకున్నాడు. ఆ పని అతను చేయడం ఆరా ఎన్నడూ చూడలేదు.

రెండున్నరకు భద్రతా అధికారి వచ్చింది. మనిషి పొడవు పట్టకారు, సీసం కుండ, ఇద్దరు సహాయకులు. పదకొండు నిమిషాల్లో పని ముగిసింది. దర్జీని అంబులెన్సులో ఎక్కించారు. కుండ మూత పెట్టేముందు తీసిన ఫోటోను అధికారి పెద్దది చేసి చూసి, టై బాబును పిలిచింది. ఎన్ని కడ్డీలు పోయాయని అడిగింది.

"ఒకటి. నాకు ఒకటేనని చెప్పారు."

ఆమె ఫోను అతని వైపు తిప్పింది. కడ్డీ చివర చెక్కిన అక్షరాలు అరిగిపోయినా ఆరాకు కూడా కనబడ్డాయి. మూడులో రెండవది.

తొట్టి పైభాగానికి ఒకటి, మధ్యకు ఒకటి, అడుగుకు ఒకటి, అంది అధికారి. మూడూ ఒకే పరికరంలోవి. ఒక సహాయకుడు పాతసామాన్ల కొట్టుకు పరుగెత్తాడు. పావుగంటలో జవాబు వచ్చింది. బుట్టలో అలాంటివి మూడున్నమాట నిజమే. మిగతా రెండూ ఆ వారమే అమ్ముడయ్యాయి. ఒకాయన తలుపు గడియకు బాగుంటుందని పట్టుకెళ్లాడు. ఇంకోటి ఎవరు కొన్నారో గుర్తులేదు. ఇద్దరూ ఈ చుట్టుపక్కలవాళ్లే అనిపించింది. టై బాబు మొహం సున్నం కొట్టినట్టయింది. అతనికీ అబద్ధమే చెప్పారని ఆరాకు అప్పుడు అర్థమైంది. జాలి మాత్రం కలగలేదు.

వెతికే వాహనం పెద్ద కేంద్రంనుంచి రావాలని, రేపు సాయంత్రానికి గాని చేరదని చెప్పి, అధికారి చేతి పరికరంతో కొట్టు పక్క సందులు మొదలుపెట్టింది. వెళ్లేముందు మావయ్య ఒళ్లోని నోటుబుక్కు అడిగి తీసుకుని నిలబడే పది పేజీలు చదివింది. మీలాంటివాళ్లు వీధికొకరుంటే మాకు పని సగం తగ్గును అని మాత్రం అంది.

నాలుగింటికి గాని ఎవరికీ ఆకలి గుర్తురాలేదు. పైకి వెళ్లవచ్చన్నాక అత్తయ్య చల్లారిన అన్నం, పప్పు ముందుగదిలోకే తెచ్చి మావయ్య మంచం చుట్టూ వడ్డించింది. క్షమాపణ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. దాని మీద ఉప్పు గిన్నె పెట్టింది.

కోడలు కంచం ముందు కూర్చుంది గాని అన్నం కలపలేదు.

"మావయ్యగారూ, ఆ పన్నెండు రోజులూ డబ్బా గీతలో లేదు. నీళ్లు కొట్టేటప్పుడు నేనే మధ్యగదిలో పెట్టాను. మీకు చెప్పలేదు." ఒక్క గుక్కలో చెప్పేసింది. "రేపు ఎక్కడ చెప్పమంటే అక్కడికి వచ్చి చెబుతాను."

మావయ్య చెయ్యి ముద్దతో సహా గాలిలో ఆగింది. ఆయన చూపు వంటింటి గుమ్మం వైపు వెళ్లింది, నోటుబుక్కు మీదికి వచ్చింది. అత్తయ్య పప్పు గరిటె పట్టుకుని, ఉరుము కోసం చూస్తున్నట్టు నిలబడిపోయింది. పన్నెండు అంకెలు తప్పు చోటువి. లారీల మాట తప్పు. పదకొండేళ్ల పుస్తకంలో మొదటిసారి కొట్టివేతలు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు.

"లారీల సంగతి తప్పు రాశాను. మునిసిపల్ ఆఫీసుకు నేనే రాస్తాను. ప్రతి అంకె పక్కనా మధ్యగది అని నువ్వు నీ చేత్తో రాయి. తేదీలు నేను చెబుతాను." ఇంకో ముద్ద కలిపాడు. "నువ్వు కదపకపోతే ఆ దర్జీ ఆవిడ చేతికి ఏమయ్యేదే అమ్మా?"

అత్తయ్య కోడలి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

మావయ్య ఫోను మోగితే ఆరా తీసింది. గుంపులోని ఆరుగురిలో ఒకరు, మాస్టారిని మళ్లీ చేర్చామని, ఆయన ఏమంటారని అడుగుతున్నారు. మావయ్య ఎడమచేత్తో ఫోను అందుకున్నాడు. వాళ్ల క్షమాపణ వినలేదు. కౌంటరు పట్టుకుని ఎవరెవరి ఇంటినుంచి ఎన్ని వీధులు నడవగలరో అడిగాడు. కొట్టుకు నాలుగు దిక్కులూ పంచాడు. ఎక్కడున్నారో ముందు అధికారికి చెప్పమన్నాడు. అంకె రెట్టింపైతే అక్కడే ఆగి, వెనక్కి తగ్గి, ఆమెకే ఫోను చేయాలి, ఎవరూ ఏ తలుపు గడియా ముట్టుకోకూడదు అన్నాడు. ఇప్పుడే బయల్దేరమన్నాడు. రేపు సాయంత్రం వాహనం వచ్చేదాకా ఆగే పని కాదన్నాడు.

"మన వీధి ఎవరు నడుస్తారు?" అంది అత్తయ్య. "మీరు లేవలేరు కదా."

మావయ్య కోడలి వైపు చూశాడు.

"డబ్బా నువ్వే తీసుకెళ్లు. ఆరా నీతో వస్తుంది. ఇల్లిల్లూ తిరగండి." ఆయన కంచంలో మజ్జిగ పోసుకుని, తల ఎత్తకుండానే మిగతా మాట అన్నాడు. "వెళ్లేముందు ఆ సుద్దగీత చెరిపెయ్యి."